దమ్ పట్టిన డికాక్షన్

ఇరానీ చాయ్ అంటే చిక్కటి పాలల్లో టీ పొడి వేసి చాలాసేపు మరగబెట్టిన టీ అనుకునేవాళ్లే ఎక్కువ. విజయవాడ హైవే పొడుగునా ఆ పేరుతో బోర్డులు పెట్టిన కొట్లు చాలావరకు ఆ పనే చేస్తాయి. అదీ బాగానే ఉంటుంది, కాదనను. కానీ అసలు ఇరానీ చాయ్‌లో పాలకూ టీ పొడికీ పొయ్యి మీద పరిచయమే ఉండదు. డికాక్షన్ ఒక పాత్రలో, పాలు ఇంకో పాత్రలో వేటికవే కాగుతుంటాయి. గిరాకీ వచ్చి అడిగాక కప్పులో కలుస్తాయి. ఫిల్టర్ కాఫీ ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. తేడా అల్లా డికాక్షన్ దించడంలో ఉంది. కాఫీది చుక్కచుక్కగా దిగుతుంది. ఇరానీ చాయ్‌దాన్ని దమ్ మీద, అంటే మూత మూసి సన్న సెగ మీద పెట్టాలి.

పాతబస్తీలో ఇది కళ్లారా చూడాలంటే చార్మినార్ నుంచి మక్కా మసీదు వైపు తిరిగి నిమ్రా కేఫ్ ముందు నిలబడితే చాలు. తెల్లవారుజామున నమాజు ముగించుకుని వచ్చేవాళ్లు, రాత్రి ఆలస్యంగా బజారు కట్టేసి వచ్చేవాళ్లు, ఫోన్లు పైకెత్తి మినార్లతో పాటు కప్పునూ ఫొటో తీసే టూరిస్టులు, అందరూ అక్కడే. శాలిబండ వైపు వెళ్తే షా గౌస్, ఘాన్సీ బజార్‌లో షాదాబ్ ఉన్నాయి. అక్కడ బిర్యానీ తిన్న చేత్తోనే చాయ్ కప్పు పట్టుకుంటారు జనం. ఎక్కడికి వెళ్లినా గల్లా దగ్గర గోల పట్టించుకోకుండా చాయ్ మాస్టర్ చేతుల్నే గమనించండి. వరసగా పేర్చిన కప్పుల మీదుగా ఒకటి పోసుకుంటూ పోతాడు, ఆ వెంటనే రెండోది. కొలత గిన్నె ఏదీ ఉండదు. రంగే అతని కొలత.

ఈ రెండు పాత్రల పద్ధతి ఎక్కడిదో తెలిస్తే వంట సగం అర్థమైనట్టే. ఇరాన్‌లో టీని పాలు లేకుండా తాగుతారు. రష్యా నుంచి వచ్చిన సమోవర్ మీద చిన్న కెటిల్ పెట్టి అందులో చిక్కటి, దాదాపు నల్లటి డికాక్షన్ నానబెడతారు. తాగేటప్పుడు గ్లాసులో కొంచెం డికాక్షన్ వంపి, కింద సమోవర్‌లోని వేడినీళ్లు ఎవరికి కావలసినంత వారు కలుపుకుంటారు. చక్కెర గడ్డ పంటి కింద పెట్టుకుని దాని మీదుగా టీ తాగుతారు. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి ఇరానీలు బొంబాయికి వచ్చి హోటళ్లు పెట్టారు. వాళ్లలో కొందరు పుణె మీదుగా హైదరాబాద్ చేరారు. ఇక్కడివాళ్లకు పాలు లేని టీ గొంతు దిగదు. అందుకని వేడినీళ్లు పోసే చోట చిక్కటి పాలు వచ్చాయి. మిగతా పద్ధతి అంతా అలాగే నిలిచిపోయింది. నా లెక్కలో ఇరానీ చాయ్‌లో ఇరాన్ అంటూ మిగిలింది ఇదొక్కటే, ఏలకులూ కోవా కాదు.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. ఇరాన్‌లో తేయాకు తోటలు వేయించిన పెద్దమనిషి కాషెఫ్ అల్ సల్తనె. ఆయన ఆ దేశం తరఫున మన దేశంలో రాయబార ఉద్యోగం చేస్తూ, కాంగ్రా కొండల్లో సాగు మెలకువలు నేర్చుకుని, మొక్కలు పట్టుకెళ్లి కాస్పియన్ సముద్రం దగ్గర లాహిజాన్‌లో నాటించాడు. 1900 ప్రాంతపు సంగతి. మొక్క ఇటు నుంచి అటు వెళ్తున్న రోజుల్లోనే, దాన్ని కాచే పద్ధతి అటు నుంచి ఇటు వచ్చింది. హైదరాబాద్‌కు ఇరానీలు మాత్రం అప్పటికే కొత్తవాళ్లు కారు. చార్మినార్ కట్టిన రోజుల్లో, అంటే 1591 నాటికి, కుతుబ్‌షాహీ దర్బారులో పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా ఉండి కొత్త నగరం ఏర్పాటులో చెయ్యి పెట్టిన మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్‌వాడే. ఆయనకు మాత్రం చాయ్ యోగం పట్టలేదు.

ఇక పనిలోకి వద్దాం. ముందు పాత్ర.

హోటళ్లలో డికాక్షన్‌కు పాత పద్ధతిలో వాడేది కుళాయి బిగించిన పెద్ద రాగి లేదా ఇత్తడి పాత్ర. రాగి వేడిని అంతటా సమంగా పంచుతుంది. కాబట్టి సన్న సెగ మీద గంటలు గడిచినా అడుగంటదు. కానీ ఒట్టి రాగిలో టీ పెట్టకూడదు. తేయాకు రసంలో కొద్దిగా పులుపు ఉంటుంది, అది రాగిని తింటుంది. డికాక్షన్ లోహం రుచి కొడుతుంది, ఆరోగ్యానికీ మంచిది కాదు. అందుకే లోపల కళాయి. పాత్రను బొగ్గుల మీద కాల్చి, నవాసారం జల్లి మురికి వదిలించి, తగరం ముక్క రాస్తే అది వెంటనే కరిగిపోతుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది మరి. దూది ఉండతో గబగబా చుట్టూ తిప్పితే పాత్ర లోపల వెండిలా తళుక్కుమంటుంది. వాడకం మీద ఆ పూత అరిగిపోతుంది, మళ్లీ వేయించాలి. వీధుల్లో కేకేస్తూ తిరిగే కళాయివాళ్లు తగ్గిపోయాక చాలా హోటళ్లు స్టీలుకు మారాయి. మూసీ అవతల బేగంబజార్‌లో మాత్రం రాగి, ఇత్తడి గుండిగలు ఇప్పటికీ బారులు తీరి ఉంటాయి. ఇంట్లో చేసుకోవడానికి రాగి కోసం వెతుక్కోనక్కర్లేదు. అడుగు మందంగా ఉండి మూత గట్టిగా కూర్చునే స్టీలు గిన్నె చాలు.

తర్వాత నీళ్లు. దీన్ని ఎవరూ లెక్కచేయరు గానీ మొదట చెడగొట్టేది ఇదే. బోరునీళ్లలో సున్నం ఎక్కువైతే డికాక్షన్ మీద నూనె తెట్టులాంటి పొర కడుతుంది, రంగు నల్లగా వచ్చినా రుచి చప్పగా ఉంటుంది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలి పోలేడని పాత మాట. మూసీ వరదలొచ్చిన 1908 తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగరే ఆ గండిపేట, 1920లో పూర్తయింది. ఇప్పుడు నగరానికి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు కూడా వస్తున్నాయి. నల్లా నీళ్లయితే నిశ్చింతగా వాడండి. బోరు నీళ్లే దిక్కయితే వడపోసిన నీళ్లు పట్టుకోండి.

పొడి విషయంలో ఆకు టీల జోలికి పోవద్దు. డార్జిలింగ్ ఆకును అరగంట దమ్ పెట్టడం దాన్ని అవమానించడమే. కావలసింది అస్సాం సీటీసీ, అందులోనూ సన్నటి డస్ట్. ఆకును నలిపి, చింపి, చుట్టే ఈ యంత్ర పద్ధతిని 1930లో అస్సాంలోని అమ్‌గురి తోటలో విలియం మెకర్చర్ తయారుచేశాడు. ఆకు చిన్న చిన్న పలుకులుగా మారడంతో రంగూ బలమూ నీళ్లలోకి త్వరగా దిగుతాయి. పాలు కలిపినా వెనక్కి తగ్గని టీ మన దేశానికి అలా దొరికింది. హైదరాబాద్‌లో లాసా లంసా ప్యాకెట్‌కు ఓటేసేవాళ్లు చాలామంది. కొన్ని హోటళ్లు రెండు మూడు రకాల పొడులు తామే కలుపుకుంటాయి, ఆ లెక్క మాత్రం బయటికి చెప్పవు. ఇంట్లోవాళ్లకు ఏదైనా మంచి డస్ట్ చాలు.

ఎనిమిది, పది చిన్న కప్పులకు అర లీటరు నీళ్లు, మూడు పెద్ద చెంచాల పొడి, రెండు పెద్ద చెంచాల చక్కెర. గిన్నె మూడింట రెండు వంతులకు మించి నిండకూడదు. నీళ్లు తెర్లాక పొడీ చక్కెరా వేసి ఒక్క పొంగు రానివ్వండి. మూత పెట్టి, అంచు చుట్టూ చపాతీ పిండి ముద్దను తాడులా చేసి అతికించండి. గిన్నె కింద పెనం పెట్టి, మంట ఎంత తగ్గితే అంత తగ్గించండి. అరగంట వదిలేయండి. ఆవిరి బాగా పేరుకుంటే పిండిని తోసుకుని సన్నగా బయటికొస్తుంది, రానివ్వండి. దాన్ని ఆపాలని మూత మీద బరువులు పెట్టడం ప్రమాదం. మంట ఆపాక పది నిమిషాలు కదపకుండా ఉంచి అప్పుడు పిండి ఊడదీయాలి. మూత తెరిచేటప్పుడు మొహం దూరంగా పెట్టండి.

ఈ అరగంటలో లోపల జరిగేది ఇదీ. తేయాకులోని కెఫీన్ మొదటి కొద్ది నిమిషాల్లోనే నీళ్లలోకి వచ్చేస్తుంది. రంగూ వగరూ ఇచ్చే టానిన్లు నిదానంగా వస్తాయి, ఎంతసేపు ఉంచితే అంత వస్తూనే ఉంటాయి. మూత లేకుండా అరగంట మరిగిస్తే నీళ్లు ఇగిరిపోతాయి, వాసన ఇంటి నిండా పరుచుకుని గిన్నెలో ఏమీ మిగలదు. మూత మూసేసరికి ఆవిరి పైకి లేచి, మూతకు తగిలి, చుక్కలై మళ్లీ కిందికే పడుతుంది. పరిమళం పోవడానికి పెద్దగా దారి ఉండదు. బిర్యానీకి దమ్ పెట్టే ఊరిలో చాయ్‌కి కూడా దమ్ పెట్టాలని తోచడంలో వింతేముంది. బలం కావాలంటే పొడి పెంచితే పోలేదా అని అడగొచ్చు. పెంచితే చేదు పెరుగుతుంది, నిజమే. కానీ నాలుకను పట్టి ఆపే ఆ బరువు రాదు. అది సన్న సెగా సమయమూ ఇచ్చేది.

డికాక్షన్ వడకట్టి గాజు గ్లాసులో పోసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మధ్యలో నల్లగా, అంచున మాణిక్యం రంగులో కనిపించాలి. అంచు కూడా నల్లగా, మసకగా ఉంటే పొడి మాడింది. అంతా ఎర్రగా ఉంటే ఇంకో పది నిమిషాలు పెట్టొచ్చు.

ఇంకో పొయ్యి మీద అప్పటికే పాలు కాగుతుండాలి. గేదె పాలు. వెన్న శాతం ఏడు దాకా ఉంటుంది, ఆవు పాలల్లో నాలుగు ఉంటే గొప్ప. లీటరు పాలు వెడల్పాటి గిన్నెలో పోసి, రెండు ఏలకులు చితక్కొట్టి వేసి, సన్న మంట మీద ముప్పావు లీటరు అయ్యేదాకా కాచండి. ఇక్కడ చెయ్యి ఆగకూడదు. మీగడ కట్టినప్పుడల్లా లోపలికి కలపాలి, గిన్నె అంచులకు అంటిన పాలను గరిటెతో గీకి దించుతూ ఉండాలి. అలా కాగేకొద్దీ పాలలోని చక్కెరా మాంసకృత్తులూ కలిసి కాస్త గోధుమ రంగుకు తిరిగి, కోవా కాచేటప్పుడు వచ్చే వాసనలాంటిది వస్తుంది. కోవా కలుపుతారని చెప్పుకునే హోటళ్లు కొన్ని ఉన్నాయి, డబ్బా మిల్క్‌మెయిడ్ వేసే చోట్లూ ఉన్నాయి. పాలు సరిగ్గా కాచే ఓపిక లేనివాళ్ల దగ్గరి దారి అది. అల్లం, దాల్చినచెక్క, లవంగం అసలు వద్దు. అవి వేసుకున్న టీకి మసాలా టీ అని విడిగా ఒక పేరుంది.

నిల్వ పాలతో మాత్రం ఈ సాహసం చేయకండి. పులుపు మొదలవుతున్న పాలు ఇంత చిక్కటి డికాక్షన్ తగలగానే విరిగిపోతాయి.

కప్పులు చిన్నవి, పింగాణీవి, మందపాటివి కావాలి. ముందు వేడినీళ్లలో ముంచి తీయండి. కప్పులో ముందు డికాక్షన్ మూడో వంతు, ఆ పైన పాలు. పాలు ముందు పోసే మాస్టర్లూ ఉన్నారు. నాకు డికాక్షనే ముందు ఉండాలి, ఎందుకంటే పాలు దిగుతుంటే రంగు మారడం కంటికి కనిపిస్తుంది, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ఆపాల్సింది కాలిన ఇటుక రంగు దగ్గర. తెల్లబడిందంటే డికాక్షన్ ఓడిపోయినట్టే, ఇంకో చెంచా పోయండి. చక్కెర చూసుకుని పెంచుకోండి, హోటళ్లలో అయితే గట్టిగానే ఉంటుంది. చెంచా నిలువుగా నిలబడేంత చక్కెర వేసిన చాయ్‌కి ఖడా చమ్చా అనే పేరు ఊరికే రాలేదు.

ఇప్పుడు తాగడం. ఇక్కడ తొందరపడితే పైన పడ్డ కష్టమంతా వృథా. రుచి తెలియడం వేడి మీద ఆధారపడుతుంది, బీరు ఉదాహరణే చూడండి.

గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ వైపు బీరు కాచి అక్కడికక్కడే పోసే మైక్రోబ్రూవరీలు ఉన్నాయి. వాటి గురించి తెలిసినవాళ్లు స్టౌట్ అనే నల్ల బీరు పేరు వినే ఉంటారు. బార్లీని కాఫీ గింజల్లా నల్లగా వేయించి కాస్తారు, కొన్నిటిలో కాఫీ, కోకో కూడా నానబెడతారు. గాఢమైన స్టౌట్‌ను మంచులా చల్లగా ఇస్తే ఆ కాఫీ, చాక్లెట్ వాసనలు నాలుకకు అందవు. అందుకే పది, పన్నెండు డిగ్రీల దగ్గర నెమ్మదిగా తాగమంటారు. మన నల్ల డికాక్షన్‌కు అదే సూత్రం అటువైపు నుంచి వర్తిస్తుంది. పొగలు కక్కే చాయ్‌ని గటగటా తాగితే నాలుక కాలుతుంది, తీపి తప్ప ఏదీ తెలియదు. అరవై డిగ్రీల దగ్గరికి దిగనివ్వాలి. పాతబస్తీ పెద్దలు సాసర్‌లో పోసుకుని జుర్రుతారు చూడండి, అది మొరటుతనం కాదు. పలుచగా పరుచుకున్న చాయ్ త్వరగా చల్లారుతుంది, జుర్రినప్పుడు గాలితో కలిసి వాసన ముక్కు వెనకదాకా వెళ్తుంది. టీ తోటల్లో రుచి చూసే ఉద్యోగస్థులు కూడా చెంచాతో చప్పుడు చేస్తూ ఇలాగే పీలుస్తారు.

మొదటి గుక్క మింగకుండా రెండు క్షణాలు నోట్లో ఉంచుకోండి. ముందు తగిలేది తీపి, దాని వెనకే పాల కొవ్వు, కొంచెం కోవా వాసన. మింగుతుంటే నాలుక వెనక చేదు వస్తుంది, కెఫీన్‌ది కొంత, మిగిలింది బాగా కాగిన ఆకుది. అన్నిటికన్నా ఆఖరున వగరు. అది రుచి కూడా కాదు, బుగ్గల లోపల పట్టుకున్నట్టు, నాలుక మీద సన్నటి నూగు మొలిచినట్టు ఉంటుంది. టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టేసుకోవడం వల్ల అలా అవుతుంది. పాలల్లో ఉండే కేసీన్ ముందుగా వెళ్లి ఆ టానిన్లలో చాలావాటిని తానే పట్టేసుకుంటుంది కాబట్టే ఇంత కాచిన డికాక్షన్‌ను తాగగలుగుతున్నాం. వట్టి డికాక్షన్ ఒక చెంచా తాగి, వెంటనే కలిపిన చాయ్ ఒక చెంచా తాగి చూడండి, పాలు చేసే పని ఏమిటో ఒక్కసారికే తెలుస్తుంది. మంచి చాయ్‌లో ఆ వగరు పూర్తిగా పోకూడదు. గుక్క దిగాక కాసేపు మిగలాలి. అది మిగలకపోతే తాగింది తీపి పాలు.

పక్కన ఉస్మానియా బిస్కెట్ ఎందుకు పెడతారో ఇప్పుడు చెప్పొచ్చు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన బిస్కెట్ అది. ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం మొదట చేశారని ఒక కథ, నిజాంకే చిరుతిండిగా చేశారని ఇంకో కథ. రుచి విషయంలో ఏ కథకూ పని లేదు. అందులో తీపితో పాటు ఉప్పు తగులుతుంది. ఉప్పు చేదును అణుస్తుంది. బిస్కెట్ కొరికిన తర్వాత తాగిన గుక్కలో చేదు వెనక్కి తగ్గి పాలు ముందుకొస్తాయి, ఆ తర్వాతి గుక్కకు చేదు మళ్లీ తన చోటికి వస్తుంది. అందుకని మొదటి రెండు గుక్కలు ఖాళీగా తాగి, ఆ తర్వాతే బిస్కెట్ ముట్టుకోండి. ముంచితే మాత్రం లెక్క తప్పకుండా ముంచాలి. వెన్న ఎక్కువున్న బిస్కెట్ కాబట్టి క్షణంలో విరిగి కప్పు అడుగుకు చేరుతుంది, దాన్ని చెంచాతో తోడుకునేలోపు చాయ్ పిండి రుచికి వచ్చేస్తుంది. చాలాసేపు ముంచాలనుకునేవాళ్లకు ఖారీ ఉంది, బన్ మస్కా ఉంది.

డికాక్షన్ ఎక్కువ మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి దాచకండి. చల్లబడ్డ గాఢమైన టీలో కెఫీనూ రంగు పదార్థాలూ కలిసి గూడుకట్టి నీరు మసకబారుతుంది. వేడి చేస్తే తేటపడుతుంది గానీ పరిమళం తిరిగి రాదు. అంతకన్నా అదే సాయంత్రం సులేమానీ చేసుకోవచ్చు. కప్పులో రెండు చెంచాల డికాక్షన్, మిగతా అంతా వేడినీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం. పులుపు తగలగానే ముదురు ఎరుపు లేత బంగారు రంగుకు తిరుగుతుంది. చక్కెర గడ్డ పంటి కింద పెట్టుకుని తాగితే, నిమ్మచెక్క సంగతి పక్కన పెట్టండి, యజ్ద్‌లో తాగే టీకి దాదాపు దగ్గరికి వెళ్లినట్టే.